బంధువులు కానివారు

ఆలింగ్ పూరింగ్ పోయిన మర్నాడు, మూసి ఉన్న కొట్లోకి దూరి, మేకుకి వేలాడుతున్న ఖాళీ బయోడేటా కాగితాల్లోంచి ఒకటి లాగి, దాని డబ్బులు డబ్బాలో వేశాను. చూసేవాళ్ళెవరూ లేరు. ఆవిడ పక్క గదిలో, పెట్టెలో, గాజు మూత కింద పడుకుని ఉంది. అయినా వేశాను. ఆ కొట్లోంచి ఏ వస్తువూ ఊరికే బయటికి పోదు, యజమాని చచ్చినా సరే.

ఆ కాగితాలు మా కొట్లో ఎప్పుడూ ఉండేవి. సిగరెట్లు విడిగా, వెల్లుల్లి రెబ్బల లెక్కన, నూనె చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, బయోడేటా కాగితాలు ఒక్కొక్కటిగా అమ్మేవాళ్ళం. మా వీధిలో ఉద్యోగం వెతుక్కునే ప్రతివాళ్ళూ ఇనప జాలీ అవతల నిలబడి, నాణెంతో కమ్మీ మీద టక్ టక్‌మని కొట్టి, ఒక కాగితం కొనుక్కుపోయేవారు. రెండోసారి రాకపోతే ఉద్యోగం దొరికినట్టు. వస్తే, 'మేమే ఫోన్ చేస్తాం' అని చెప్పి పంపేసినట్టు. ఆ మాట చెప్పిన చోటి నుంచి ఫోన్ వచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మూడోసారి వచ్చినవాడి మొహం చూసి ఆలింగ్ పూరింగ్, "ఓ అయిదు తీసుకుపో నాయనా, మాటిమాటికీ తిరగక్కర్లేదు" అనేది. ఆవిడ నోరు అలాంటిది. చచ్చినవాడి కళ్ళు చారెడని, ఇప్పుడు మట్టి చేసేదాకా జాగారమని పెట్టె చుట్టూ చేరి అల్లం టీ తాగుతూ, పేకాడుతూ, 'ఎంత మెత్తని మనిషో' అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మెత్తని మనిషి కాదు. మెత్తని మనిషి కాదని తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

నేను ఆ ఇంటి పిల్లని కాదు. మా అమ్మ లూర్దెస్ వెనక గదిలో అద్దెకుండేది. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు, మనీలాలో పని దొరికిందనీ వారంలో వచ్చి తీసుకెళ్తాననీ చెప్పి, నన్ను కొట్టు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళింది. ఆ వారం ఇంకా అవలేదు. సాయంత్రం చీకటి పడబోతుంటే ఆలింగ్ పూరింగ్ బయటికొచ్చి, "కూర్చుని తినే నోళ్ళు ఈ ఇంట్లో లేవు, లే" అని నన్ను లోపలికి తీసుకెళ్ళి, సబ్బులు పేర్చమంది. అప్పటినుంచి పేరుస్తూనే ఉన్నాను. ఇప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

వీధిలో పిల్లలందరూ వాళ్ళ అమ్మల్ని 'నానాయ్, నానాయ్' అని పిలుచుకుంటుంటే, ఓసారి నేనూ ఆవిణ్ణి నానాయ్ అన్నాను. ఆవిడ చేపలు వేయిస్తోంది. గరిటె కింద పెట్టింది.

"ఇదిగో ఇనెంగ్, అలా పిలవకు. మీ నానాయ్ మనీలాలో ఉంది. ఆ పిలుపు ఇంకెవరికైనా ఇచ్చేశావంటే, తన చోటు నిండిపోయిందనుకుని ఆవిడిక రాదు."

ఇనెంగ్ అంటే ఇక్కడ ఏ ఆడపిల్లనైనా అంటారు. నన్ను జొనాలిన్ అని ఆవిడ ఎప్పుడూ పిలవలేదు. నేను కూడా కొట్టుకొచ్చే బేరాలన్నీ పిలిచినట్టే ఆలింగ్ పూరింగ్ అని పిలవడం అలవాటు చేసుకున్నాను. మా అమ్మ ఎలాగూ రాలేదు.

ఆవిడ పోవడానికి కొన్ని రోజుల ముందు మా ఇద్దరికీ మాటామాటా వచ్చింది. పట్నంలో ఫార్చునాటా బజారు వాళ్ళు క్రిస్మస్ ముందు అమ్మకాలకి ఆడపిల్లలు కావాలని బోర్డు పెట్టారు. చల్లటి గాలి, నల్ల బూట్లు, నెలయ్యేసరికి జీతం. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంతగా కావాలంటే, ఆ బోర్డు చూసిన రోజు నుంచి మా కొట్టు జాలీ నాకు లోపలినుంచి కనిపించడం మొదలుపెట్టింది.

"మీరు నాకో కాగితం రాసివ్వాలి" అన్నాను. "మీ దగ్గర పనిచేశానని."

"పనా? ఏం పని?"

"పొద్దుట జాలీ తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా నేను చేసేదాన్ని ఏమంటారు మరి?"

"ఇంట్లో అన్నం వండుకున్నదానికి వంటమనిషని సర్టిఫికెట్ ఇస్తారా ఎవరైనా? నువ్విక్కడ పనిచెయ్యలేదు. లేనిది రాయమంటే నేను రాయను."

"ఇల్లు మీది, కొట్టు మీది. మధ్యన నేనెవర్ని?"

ఆవిడ చక్కెర పొట్లాలు కట్టుకుంటూ కూర్చుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మనసులో తిట్టుకున్నాను. ఆ తర్వాత మేమిద్దరం బేరాలతో మాట్లాడాం గానీ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

సోమవారం పొద్దున్నే సరుక్కని చెప్పి ఆవిడే పట్నం బయల్దేరింది. సరుకు తేవడం నా పని. మోకాళ్ళ నొప్పులని ఆవిడ జీప్నీ ఎక్కడం మానేసి చాలా కాలమైంది. నా మీద కోపంతో వెళ్తోందనుకుని నేను ఆపలేదు. మిట్టమధ్యాహ్నం ఎండకి మొహం కందిపోయి తిరిగొచ్చింది. బుట్టలో పిన్నీసుల అట్ట ఒక్కటే ఉంది.

"ఇదా సరుకు?" అన్నాను.

"ధరలు మండిపోతున్నాయి" అంది. ఆ అట్ట తీసుకెళ్ళి జాలీకి తగిలించింది. స్టూలు మీద కూర్చుని మోకాళ్ళకి నొప్పుల నూనె రాసుకుంది. కొట్టంతా కర్పూరం వాసన.

మంగళవారం తెల్లారి కాఫీ పట్టుకెళ్తే, అదే స్టూలు మీద, గోడకి తల ఆనించి, చల్లబడి ఉంది.

*

ఫారం ఇవ్వడానికి బుధవారమే ఆఖరి రోజు. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు గనుక ఎవరికీ చెప్పకుండా బయటపడి జీప్నీ ఎక్కాను. దారిలో ఎక్కడా దిగలేదు. బజారు తలుపు దగ్గర కాపలా మనిషి నా సంచీలో కర్ర పెట్టి కెలికి లోపలికి పంపాడు. ఫారాలు తెచ్చినవాళ్ళు కింది అంతస్తులో వాచీలు అమ్మే గాజు బల్ల పక్కన, ఖాళీ అట్టపెట్టెల మీద పెట్టుకుని రాసుకుంటున్నారు. నేనూ ఒక పెట్టె దొరకబుచ్చుకున్నాను.

మొదటి సగం ఇబ్బంది పెట్టలేదు. పేరు, ఎత్తు, బరువు, మతం. తల్లి పేరు దగ్గర లూర్దెస్ అని రాశాను. తల్లి వృత్తి దగ్గర ఏం రాయాలో తెలియక తెలియదు అని రాశాను. ఆ తర్వాత వచ్చింది అనుభవం. పక్కనున్న పిల్ల మూడు కొట్ల పేర్లు రాసి నాలుగోదానికి చోటు చాలక అంచున ఇరికిస్తోంది. నాకున్నది ఒక్కటే, అదీ లేదని చెప్పి యజమాని చచ్చిపోయింది. పంతం వచ్చింది నాకు. కిరాణా కొట్టులో అమ్మకం పని అని రాశాను. యజమాని పేరు దగ్గర ఆవిడ పూర్తి పేరు, పూరిఫికాసియోన్ మగ్సినో. ఎప్పటినుంచి అన్న దగ్గర చిన్నప్పటినుంచి. ఎప్పటివరకు అన్న దగ్గర మంగళవారం. మానేసిన కారణం అన్న చోట, యజమాని మరణించింది అని.

అప్పుడే వినిపించింది. టక్ టక్. నాణెంతో.

"వస్తున్నా" అని లేచి నిలబడ్డాను. అందరూ నావైపు చూశారు. మూడు కొట్ల పిల్ల పెన్ను ఎత్తిపట్టుకుని నోరు తెరిచింది. వాచీల బల్ల దగ్గర ఎవరూ లేరు. అమ్మే అబ్బాయి చేతులు కట్టుకుని దూరంగా ఉన్నాడు. గాజు మీద ఏమీ లేదు. కానీ అక్కడి నుంచి నొప్పుల నూనె వాసన వస్తోంది, చల్లగా, కర్పూరంలా.

కూర్చుని చివరి వరస చూశాను. మీ గురించి చెప్పగలిగినవారి పేర్లు, బంధువులు కానివారు. పెన్ను రాయడం మానేసింది. విదిలించాను, గీకాను, ఊదాను. పక్క పిల్లని అడిగితే తన పెన్ను ఇచ్చింది. ఇంకెవరున్నారు నాకు? మళ్ళీ ఆవిడ పేరే రాశాను. మా కొట్టు ఫోన్ నంబరు వేశాను. ఆ ఫోన్ నా జేబులోనే ఉంది. ఇచ్చి, ఎవరో తరుముతున్నట్టు బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి పక్కింటి కా సేలా పెరట్లో టీ కప్పులు కడుగుతోంది. మా వీధిలో ఏ చావైనా కప్పులు ఆవిడే కడుగుతుంది, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో కూడా ఆవిడే చెబుతుంది.

"ఎక్కడికి పోయావే?"

"పట్నం. ఫారం ఇవ్వడానికి."

"ఇక్కణ్ణుంచి తిన్నగా?"

"తిన్నగానే."

"మధ్యలో ఎక్కడా ఆగలేదా? ఓ బేకరీ దగ్గరో, ఓ బజ్జీల బండి దగ్గరో?"

"టైమెక్కడుంది కా సేలా?"

ఆవిడ కప్పు కింద పెట్టి తడిచేతులు లంగాకి తుడుచుకుంది. "చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు మధ్యలో ఎక్కడైనా ఆగి వెళ్ళాలని ఎందుకంటారే? వెనకాల వచ్చిన మనిషిని అక్కడ దింపెయ్యడానికి. ఓ రొట్టెముక్క కొని, ఒళ్ళు దులుపుకుని, ఇంటిదారి పడతారు. ముందు ఎక్కడ ఆగితే అక్కడ ఉండిపోతుంది పోయినావిడ. నువ్వెక్కడ ఆగావో చెప్పు."

ఆవిడే చెప్పింది.

"బజార్లో దింపొచ్చావ్. రేపు నువ్వు కూడు తినబోయే చోట. ఊరంతా వదిలేసి అక్కడ."

"నేను మళ్ళీ చావింటికే వచ్చాను కదా, ఇంటికి పోలేదుగా" అన్నాను. "నాకు వేరే ఇల్లెక్కడుంది దులుపుకుని పోడానికి?"

కా సేలా కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడానికి నాకు నోరుంది. ధైర్యమే లేదు. ఎందుకంటే మంగళవారమంతా మూసి ఉన్న జాలీ మీద నాణెం చప్పుడు వినిపిస్తూనే ఉంది నాకు. కొట్టు తెరిచి ఉందనుకుని ఎవరో పిల్లలు కొడుతున్నారని సర్దిచెప్పుకుని, ఒకటికి రెండుసార్లు వెళ్ళి చూశాను కూడా. బుధవారం నేను తిరిగొచ్చాక ఆ చప్పుడు లేదు. గురువారం లేదు. నూనె వాసన కూడా లేదు. పెట్టె దగ్గరికెళ్ళి గాజులోంచి చూశాను. పౌడరు పూసిన మొహం ఉంది, నుదుటి మీద మచ్చ ఉంది, లోపల మనిషి లేనట్టుంది. భయమేసింది. ఆవిడ ఉన్నందుకు వెయ్యని భయం ఆవిడ లేనందుకు వేసింది.

ఆవిడ ఎందుకొచ్చిందో నాకు తెలుసు అనుకున్నాను. రాయనన్నది, నేను రాశాను. పనిచెయ్యలేదన్నది, చేశానన్నాను. ఇప్పుడు ఆ గాజుబల్ల దగ్గర నిలబడి, ఈ పిల్ల చెప్పేది అబద్ధమని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. చచ్చాక కూడా నన్ను వదలదు.

గురువారం సాయంత్రం కొట్టు ఫోన్ మోగింది. శుక్రవారం మాట్లాడ్డానికి రమ్మన్నారు. శనివారం మట్టి.

కా సేలాకి చెబితే, "అయితే వచ్చేటప్పుడు తీసుకొచ్చెయ్" అంది, ఉప్పు తెమ్మన్నట్టు. "ఖాళీ పెట్టెని పాతిపెడతామా ఏంటి? తలుపు దగ్గర నిలబడి పిలువు. ఇంటికి పోదాం రమ్మను. వెనక్కి మాత్రం తిరిగి చూడకు. జీప్నీలో ఆవిడకీ డబ్బులివ్వు. పూరింగ్ ఒకరి బండి ఊరికే ఎక్కిన మనిషి కాదు. ఇవ్వకపోతే అక్కడే నిలబడిపోతుంది."

"ఏమని పిలవాలి?"

"ఎప్పుడూ పిలిచినట్టే పిలువు. కొత్తగా ఏముంది?"

*

ఉద్యోగాల సంగతి చూసే ఆవిడ పేరు మిస్ అరసెలి. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. వాచీల బల్ల వెనక చెక్కలతో కట్టిన చిన్న గదిలో కూర్చుంది. తలుపు తీసే ఉంది. నా ఫారం ఆవిడ ముందుంది.

"మగ్సినో అంటే ఆ ముసలావిడేనా? మొన్న సోమవారం వచ్చినావిడ?"

నాకు అర్థం కాలేదు. "సోమవారమా?"

"సోమవారం పొద్దున. ఈ గాజుబల్ల మీద నాణెంతో కొడుతూ నిలబడింది. వాచీల అబ్బాయి ఏం కావాలమ్మా అంటే, మనుషుల్ని పనిలో పెట్టుకునే మనిషి కావాలంది. నేను మీటింగులో ఉన్నాను. బయటికొచ్చేదాకా కొడుతూనే ఉంది. మా పిల్ల వస్తుంది, తీసుకోండి అంది. నువ్వెవరమ్మా అంటే, 'వాళ్ళ నానాయ్‌ని' అంది."

మిస్ అరసెలి కాగితం మీంచి తలెత్తలేదు. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

"సొంతవాళ్ళ మాట ఇక్కడ చెల్లదమ్మా, బయటివాళ్ళు చెప్పాలి అన్నాను. ఇక నాతో గొడవ. 'అదేం రూలు? పిల్ల సంగతి తల్లికి కాక దారినపోయేవాడికి తెలుస్తుందా?' అని. సరేలెమ్మని, ఎలాంటి పిల్లో చెప్పమన్నాను. మొండిది, మాటకి మాట చెబుతుంది అంది. పొద్దుటే తినకుండా పరిగెడుతుంది, పదింటికి ఏదో ఒకటి నోట్లో పడకపోతే కళ్ళు తిరుగుతాయి, అది మాత్రం చూసుకోండి అంది. అంతే. ఇంకే మంచిమాటా చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ తాగడానికి నీళ్ళడిగింది. ఇస్తే, కొనకుండా తాగనని పిన్నీసుల అట్ట కొని అప్పుడు తాగింది."

పిన్నీసుల అట్ట ఇంకా మా జాలీకి వేలాడుతోంది. ధరలు మండిపోతున్నాయి అన్నది ఆవిడ. ఇదా సరుకు అన్నాను నేను.

"ఇప్పుడిదిగో" అని మిస్ అరసెలి ఫారం మీద వేలు పెట్టింది. "ఇక్కడ తల్లి పేరు లూర్దెస్ అని ఉంది. మగ్సినో నీ యజమాని. పైగా బంధువులు కానివారి దగ్గర ఆవిడ పేరే రాశావ్. ఆవిడేమో తల్లినని వచ్చి చెప్పింది. రెండూ ఎలా అవుతాయి?"

"ఆవిడ మంగళవారం పోయారు మేడం."

ఆవిడ అప్పుడు తలెత్తింది. కళ్ళజోడు తీసింది. "అయ్యో" అంది. కొంచెం మెల్లిగా చెప్పింది.

"చూడమ్మా, నేను పైకి పంపాలి కాబట్టి అడుగుతున్నా. ఆవిడ నీకు యజమాని అయితే, చిన్నప్పటినుంచీ అమ్మకం పని చేసినదానివి, ఇంత అనుభవం ఉన్నవాళ్ళు నాకీసారి రాలేదు. ఆ ముసలావిడేదో చాదస్తంగా అందని నేను వదిలేస్తా. సోమవారం వచ్చి పనిలో చేరు. అలా కాక తల్లే అయితే ఇది ఇంటిపని అవుతుంది. అనుభవం కింద రాదు, ఆవిడ మాటా చెల్లదు. నీకు ఇక్కడ చూపించుకోడానికి ఏమీ మిగలదు. ఏది నిజమో ఒక్కమాట చెప్పు, అది రాసేస్తాను."

చెప్పాల్సినది నాకు తెలుసు. యజమాని అని నాలుగు అక్షరాల ఒక్క ముక్క. అది అబద్ధం కూడా కాదు. ఏళ్ళ తరబడి నేను అనుకున్నది, ఆవిడ మొహం మీదే అన్నది, ఫారం మీద రాసింది అదే. నల్ల బూట్లు, చల్లటి గాలి, సోమవారం. ఆవిడ రాసివ్వనన్న కాగితం ఇన్నాళ్ళకి ఈ బల్ల మీద నా చేతికొచ్చింది.

టక్ టక్.

మిస్ అరసెలి పెన్ను ఆగింది. తీసి ఉన్న తలుపులోంచి ఆవిడ గాజుబల్ల వైపు చూసింది. నేనూ చూశాను. బల్ల ముందు ఎవరూ లేరు. వాచీల అబ్బాయి వెనక్కి రెండడుగులు వేసి నిలబడ్డాడు. నొప్పుల నూనె వాసన చెక్కగదిలోకి మెల్లిగా వచ్చింది. మిస్ అరసెలి కళ్ళజోడు గొలుసుకున్న చిన్న శిలువని వేళ్ళతో పట్టుకుంది.

నాకు భయం వెయ్యలేదు. బుధవారం నుంచీ నన్ను పట్టుకుని ఉన్న భయం ఎటు పోయిందో పోయింది. దాని చోట ఏడుపొచ్చింది. ఈ ఎండలో, ఆ మోకాళ్ళతో, నేను మాట్లాడ్డం మానేసిన మనిషి ఇక్కడికొచ్చి నిలబడింది. నాకు ఇవ్వని మాటని వాళ్ళెవరికో ఇచ్చి వెళ్ళింది. పనిమనిషి అని ఒక్క ముక్క రాసేస్తే సరిపోయేదానికి, ఆ ముక్క రాయలేక చచ్చిపోయింది.

"మా అమ్మే మేడం" అన్నాను.

"బాగా ఆలోచించుకునే చెబుతున్నావా?"

"ఆవిడ చెప్పిందే నిజం. నేను రాసింది తప్పు."

పెన్ను అడిగి తీసుకున్నాను. అనుభవం కింద రాసినదంతా కొట్టేశాను. బంధువులు కానివారి కింద ఆవిడ పేరు కొట్టేశాను. పైన తల్లి పేరు దగ్గర లూర్దెస్ పక్కన చోటు లేదు. అంచున ఇరికించి పూరిఫికాసియోన్ అని రాశాను. వృత్తి దగ్గర తెలియదు అన్నది కొట్టేసి కిరాణా కొట్టు అని రాశాను. ఫారమంతా గీతలే అయింది. మా కొట్లో ఎవరైనా ఇలాంటిది తెస్తే ఇంకో కాగితం కొనుక్కోమని నేనే చెప్పేదాన్ని.

మిస్ అరసెలి దాన్ని తీసుకుని చాలాసేపు చూసింది. ఆవిడ మంచిదే. మొహంలో బాధ కనిపించింది.

"మేమే ఫోన్ చేస్తాం" అంది.

"అలాగే మేడం."

గాజుబల్ల పక్కనుంచి నడిచి వెళ్ళాను. నూనె వాసన నాతోపాటు కదిలింది. తలుపు దగ్గర ఆగాను. కాపలా మనిషి, జరగండి జరగండి అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. ఆలింగ్ పూరింగ్ అని పిలుద్దామని నోరు తెరిచాను. అది బేరాలు పిలిచే పిలుపు. మనీలా నుంచి ఎవరూ రారు, ఆ చోటు ఎప్పుడో నిండిపోయింది, దానికి ఇంక కాపలా కాయక్కర్లేదు.

"నానాయ్," అన్నాను, వెనక్కి తిరక్కుండా. "పద, ఇంటికి పోదాం."

ఎండలో స్టాండు దాకా మెల్లిగా నడిచాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా. జీప్నీ సగం నిండింది. ముందు నేనెక్కకుండా పక్కకి జరిగి కాసేపాగి, తర్వాత ఎక్కి అంచున కూర్చున్నాను. నా పక్కన కొంత ఖాళీ. అవతల కూరగాయల బుట్టతో ఒకావిడ. బండి కదిలాక చిల్లర తీసి కూరగాయలావిడ చేతికిచ్చాను. చేతులు మారి డ్రైవరు దగ్గరికెళ్ళింది.

"ఇద్దరికి" అన్నాను.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "ఒక్కదానివే ఎక్కావుగా చెల్లెమ్మా. ఇంకొకరెవరు?"

"మా అమ్మ" అన్నాను. "రేపు మట్టి."

డ్రైవరు మిగిలిన చిల్లర లెక్కచూసి వెనక్కి పంపి, పాట కట్టేశాడు. కూరగాయలావిడ బుట్ట ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, మా ఇద్దరి మధ్యనున్న ఖాళీ ఇంకాస్త వెడల్పయ్యేలా అవతలికి జరిగింది.

మా వీధి మలుపు వస్తోంది. ఆపమని కమ్మీ మీద కొట్టడానికి జేబులో నాణెం వెతుక్కుంటున్నాను. నా చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. తలపైన కమ్మీ మీద టక్ టక్‌మని చప్పుడైంది. డ్రైవరు బండి ఆపాడు.

ఆవిడ దిగేదాకా ఆగి, నేను దిగాను.